దుప్పట్ల బిల్లు పేజీలు తీసేయమనకండి: సస్పెన్స్ నవలల పాఠకులకు బహిరంగ లేఖ

సస్పెన్స్ నవలలు చదివి, చదివాక ఊరుకోకుండా నాలుగు మాటలు రాసే పాఠక మిత్రులందరికీ నమస్కారం.

పెద్ద హోటళ్ల కుటుంబం చుట్టూ, దాన్ని వెనక నుంచి నడిపించే ముఠా చుట్టూ అల్లిన ఆ లావుపాటి నవల మీద మీరు రాసిన అభిప్రాయాలన్నీ చదివాను. నవల పేరు ఇక్కడ రాయడం లేదు. చదివినవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు. పైగా నేను చెప్పబోయేది ఆ ఒక్క పుస్తకానికే కాదు, డబ్బూ నేరమూ చేయీ చేయీ కలిపి నడిచే ప్రతి సస్పెన్స్ నవలకీ వర్తిస్తుంది. "పేజీలు గిర్రున తిరిగాయి" అన్నారు కొందరు. "విలన్ అదరగొట్టాడు" అన్నారు చాలామంది. "ఆ బంగళా వర్ణన కళ్లకు కట్టినట్టుంది" అని మురిసిపోయినవాళ్లూ ఉన్నారు. అయితే ఎక్కువమంది ఒకే మాట దగ్గర కలిశారు: మధ్యలో వచ్చే లెక్కల భాగం బోరు, ఆ బిల్లులూ లెడ్జర్లూ తీసేసి ఉంటే కథ ఇంకా పరిగెత్తేదని.

ఆ మాట చదివి నాకు నిజంగా బాధేసింది. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆడిటర్‌ని. పగలంతా ఎవరెవరి లెక్కలో చూస్తాను, రాత్రి నవలలు చదువుతాను. కాబట్టి లెక్కల పేజీలు నాకు నచ్చడంలో వింతేముంది అని మీరు అనుకోవచ్చు. కానీ నేను వాటిని వెనకేసుకొస్తున్నది నా వృత్తి కోసం కాదు. ఆ నవలలో అసలు టెన్షన్ ఉన్నదే అక్కడ కాబట్టి.

ఆ చోటు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆడిట్ కంపెనీలో కొత్తగా చేరిన అమ్మాయిని సముద్రం ఒడ్డున ఉన్న రిసార్ట్ లెక్కలు చూడమని పంపిస్తారు. రికార్డు ప్రకారం ఏడాది పొడుగునా అక్కడ ఒక్క గదీ ఖాళీ లేదు. వానలు కురిసి, టూరిస్టన్నవాడు ఆ వైపు తొంగి చూడని నెలల్లో కూడా ఫుల్. అద్దె దాదాపు అంతా నగదుగానే వచ్చింది. బ్యాంకులో జమ అయింది. దాని మీద పన్ను కూడా కట్టారు. రసీదులన్నీ ఉన్నాయి, ఎక్కడా రవ్వంత తేడా లేదు. ఆ అమ్మాయి ఓచర్ల కట్ట తిరగేస్తూ తిరగేస్తూ, దుప్పట్లు ఉతికినందుకు ఇచ్చిన బిల్లు దగ్గర ఆగుతుంది. గదులన్నీ నిండిన హోటల్లో రోజూ దుప్పట్లు మార్చాలి కదా? ఆ బిల్లు చూస్తే నాలుగో వంతు గదుల దుప్పట్లు కూడా ఉతికినట్టు లేదు. నీళ్ల బిల్లు తీస్తుంది. కరెంటు బిల్లు తీస్తుంది. అవీ అంతే. అంటే ఆ గదుల్లో చాలావాటిలో ఏడాదంతా ఎవరూ పడుకోలేదు, కానీ అద్దె డబ్బు మాత్రం వచ్చింది. ముఠా తన నేరాల సొమ్ముని గది అద్దెగా చూపించి తెల్లగా మార్చుకుంటోందన్నమాట. సరిగ్గా అప్పుడు మేనేజరు తలుపు తోసుకుని లోపలికి వచ్చి, "ఇంకా అవలేదా మేడం?" అని అడుగుతాడు.

ఆ ప్రశ్న దగ్గర నా చేతులు చల్లబడ్డాయి. ఆ సన్నివేశంలో ఎవరూ తుపాకీ తీయరు, ఎవరూ గొంతు పెంచరు. కానీ ఆ అమ్మాయికి ఇప్పుడు ఒక విషయం తెలుసు, తెలిసిందని మొహంలో కనబడకూడదు. ఆమె ఫైలు మూసే తీరు చూడండి. ముందు దుప్పట్ల బిల్లు మీద ఇంకో కాగితం పెడుతుంది, తర్వాత ఫైలు మూస్తుంది. ఆ చిన్న పని రాయడానికి రచయిత ఎంత ఆలోచించి ఉంటాడు! ఆ పేజీ గురించి మీలో ఒక్కరూ ఒక్క మాట కూడా రాయలేదు. 210వ పేజీలో కారు ఛేజింగ్ గురించి మాత్రం అందరూ రాశారు.

మా పనిలో ఇలాంటివి నిజంగానే ఎదురవుతాయి. ఒక సప్లయర్ ఏడాదంతా ఇచ్చిన బిల్లులు తీస్తే వాటి నంబర్లు 41, 42, 43 అని వరసగా ఉంటాయి. మొదట్లో కొత్తవాళ్లకి అందులో తప్పేం కనబడదు. కాసేపటికి తడుతుంది. నెలకో బిల్లు ఇచ్చేవాడి నంబర్ల మధ్య ఖాళీలుండాలి, ఎందుకంటే మధ్యలో వేరేవాళ్లకి కూడా అమ్ముతాడు కాబట్టి. ఖాళీలే లేవంటే ఈ కంపెనీ తప్ప అతని దగ్గర కొనేవాడు లోకంలో ఇంకొకడు లేడన్నమాట. అసలు అతను ఉన్నాడా? ఆ అడ్రసులో ఏముంది? ఈ రెండు ప్రశ్నల కన్నా మంచి అధ్యాయం ముగింపు ఏ సస్పెన్స్ రచయితకైనా దొరుకుతుందా చెప్పండి.

"ఎంతైనా కాగితాల పనే కదా, ప్రాణాల మీదకి వచ్చేంత ఏముంటుంది, రచయిత అతి చేశాడు" అని ఒక పాఠకుడు రాశారు. ఆయనకి నేను జార్జో ఆంబ్రోజోలీ గురించి చెప్పాలి.

ఆంబ్రోజోలీ ఇటలీలోని మిలాన్‌లో లాయరు. 1974లో మికేలే సిందోనా అనే ఫైనాన్షియర్ బ్యాంకు కుప్పకూలితే, దాని లెక్కలు తేల్చి మూసేసే పని ఇటలీ కేంద్ర బ్యాంకు ఈయనకి అప్పజెప్పింది. సిందోనా మామూలు మనిషి కాదు. ఇటలీ రాజకీయాల్లో, వాటికన్ డబ్బు వ్యవహారాల్లో, అమెరికా బ్యాంకింగ్‌లో పలుకుబడి ఉన్నవాడు. మాఫియాతో సంబంధాలున్నవాడు. ఆంబ్రోజోలీ దగ్గర ఆయుధం లేదు. ఆయన చేసిందల్లా ఒక్కో ఖాతా తెరవడం, డబ్బు ఏ దేశంలోని ఏ కంపెనీకి వెళ్లి ఏ దారిన తిరిగొచ్చిందో చూడడం, రాసుకోవడం. పని మొదలుపెట్టిన మరుసటి ఏడాదే భార్యకి ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాడు. ఏం జరిగినా సరే ఈ పనికి తను చాలా పెద్ద మూల్యం చెల్లించాల్సి వస్తుందని, పిల్లల్ని ఆమే పెంచాల్సి రావచ్చని అందులో ఉంది. తర్వాత ఒత్తిళ్లు వచ్చాయి, రాజీకి రమ్మన్నారు, ఫోన్లు చేసి బెదిరించారు. ఆయన లెక్క చూడడం ఆపలేదు. 1979 జులై 11 రాత్రి తన ఇంటి ముందే అమెరికా నుంచి వచ్చిన కిరాయి హంతకుడు ఆయన్ని కాల్చి చంపాడు. అప్పటికి ఆయనకి 45 ఏళ్లు. సిందోనా మీద అమెరికాలో జరుగుతున్న దర్యాప్తు కోసం ఆ రోజుల్లోనే వాంగ్మూలం ఇచ్చాడు, మర్నాడు దాని మీద సంతకం పెట్టాలి. ఆ హత్య చేయించినందుకు 1986 మార్చిలో సిందోనాకి యావజ్జీవ శిక్ష పడింది. రెండు రోజులకి జైల్లో సైనైడ్ కలిసిన కాఫీ తాగి స్పృహ తప్పాడు, ఇంకో రెండు రోజులకి చనిపోయాడు.

ఇప్పుడు చెప్పండి, లెడ్జరు తెరిచే సన్నివేశంలో ప్రాణభయం పెట్టడం అతి ఎలా అవుతుంది? హంతకుడు కనబడ్డాక మొదలయ్యే భయం అందరికీ తెలిసిందే. లెక్క తప్పిందని తెలిసిన క్షణంలో మొదలయ్యేది వేరు. అది నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉంటుంది. ఆఫీసులో, ఇంట్లో, పిల్లల్ని బడికి పంపేటప్పుడు ఉంటుంది. మన నవలలోని అమ్మాయి ఆ దుప్పట్ల బిల్లు చూసిన రాత్రి ఇంటి తాళం రెండుసార్లు వేసి చూసుకుంటుంది గదా, ఆ పేరా "అనవసరం" అని ఒకరన్నారు. నాకైతే నవల మొత్తంలో అంత అవసరమైన పేరా ఇంకొకటి కనబడలేదు.

అమెరికాలో షికాగో ముఠా నాయకుడు అల్ కపోన్ సంగతి అందరికీ తెలుసు, అయినా సగమే తెలుసు. అన్ని హత్యల వెనక పేరు వినబడిన మనిషి చివరికి 1931లో పన్ను ఎగ్గొట్టినందుకు జైలుకి వెళ్లాడు, 11 ఏళ్ల శిక్ష పడింది. ఇంతవరకూ అందరూ చెబుతారు. ఎలా పట్టుకున్నారన్నదే అసలైన కథ. పన్నుల శాఖ తరఫున ఫ్రాంక్ విల్సన్ అనే అధికారి కాగితాల గుట్టల్లో ఏళ్ల తరబడి వెతికాడు. ఎప్పుడో ఒక జూదశాల మీద దాడి చేసినప్పుడు పట్టుకొచ్చి, ఎవరూ పట్టించుకోకుండా బీరువాలో పడేసిన లెక్కల పుస్తకాలు అతని కంటపడ్డాయి. అందులో లాభాల పంపకం ఉంది. కానీ రాసింది ఎవరు? చేతిరాత పట్టుకుని వెతికారు. ఆ రాతని పోలిన రాత దొరికేదాకా కాగితాలు పోల్చి చూస్తూ పోతే గుమాస్తా లెస్లీ షమ్‌వే పేరు బయటపడింది. అతను ఫ్లోరిడాలో దొరికాడు. బంగళా నిండా బాడీగార్డులు, జేబులో జడ్జీలు, ఊరంతా భయం. అన్నీ ఉన్న మనిషిని ఒక గుమాస్తా అక్షరాల వంపు జైలుకి పంపింది. దీన్ని ఎవరైనా నవలగా రాస్తే, "చేతిరాత పోల్చే భాగం సాగదీశాడు" అని మనం రాస్తామా?

ఇక విలన్ సంగతి. "విలన్ ముందు హీరో తేలిపోయాడు", "అంత స్టైల్, అంత దర్జా, మాట మీద నిలబడే గుణం", "చెడ్డవాడే గానీ పేదలకి పెట్టే చేయి" అని మీరు పొగిడారు. నవల రాసిన తీరులోనే ఆ ఆకర్షణ ఉంది, అది నాకూ తగిలింది. మొదటి వంద పేజీలు ఆ బంగళాలోనే తిరుగుతాం. పాలరాయి, పెయింటింగులు, అతిథుల జాబితా, ఆసుపత్రికి ఇచ్చిన విరాళం, పెళ్లికి వచ్చిన పెద్దమనుషులు. చదువుతున్నంతసేపూ మనం కూడా ఆ విందుకి పిలిచిన అతిథులమే అనిపిస్తుంది. సంపద గురించి రాసే నవల ఆ మోజు కలిగించాల్సిందే. అది లేకపోతే అంతమంది ఎందుకు లొంగిపోయారో మనకి అర్థం కాదు.

కానీ ఆ పెట్టే చేయి ఎవరి జేబులోంచి తీసి పెడుతోంది? నా దృష్టిలో ఈ నవలలో అసలు లోటు ఇక్కడుంది. లెక్కల భాగం ఎక్కువై నవల దెబ్బతినలేదు, ఈ లెక్క సగంలో ఆగిపోయి దెబ్బతింది. డబ్బు రిసార్ట్‌లోకి ఎలా వచ్చిందో, అక్కడి నుంచి ఏ కంపెనీల గుండా తిరిగి బంగళా పాలరాయిగా మారిందో రచయిత చక్కగా చూపించాడు. రిసార్ట్‌లోకి రాకముందు ఆ డబ్బు ఎవరిదో మాత్రం చెప్పలేదు. నెలనెలా మామూలు కట్టలేక షట్టరు దించేసిన వ్యాపారి లేడు. మత్తుమందుకి అలవాటుపడిన కొడుకుని ఇంట్లో పెట్టుకున్న తల్లి లేదు. వడ్డీ కట్టలేక సంతకాలు పెట్టి స్థలం వదులుకున్న మనిషి ఒకే ఒక్కసారి, రెండు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోతాడు, పేరు కూడా లేకుండా. నవల మీద పడాల్సిన విమర్శ ఇది. మీరు రాసిన అభిప్రాయాల్లో దీని గురించి నాకు ఎక్కడా కనబడలేదు.

ఇటలీలో సిసిలీ దీవిలోని పలెర్మో నగరంలో లిబెరో గ్రాస్సీ అనే వ్యాపారి ఉండేవాడు. పైజమాలు, లోదుస్తులు కుట్టించే ఫ్యాక్టరీ ఆయనది. మాఫియా మామూలు అడిగితే ఇవ్వనన్నాడు. 1991 జనవరి 10న అక్కడి దినపత్రికలో, తనని డబ్బు కోసం వేధిస్తున్నవాడినే సంబోధిస్తూ ఒక ఉత్తరం అచ్చు వేయించాడు. బెదిరింపు ఫోన్లు చేసే శ్రమ, బాంబులకీ తూటాలకీ అయ్యే ఖర్చు మానుకోండి, మేము ఇవ్వదలుచుకోలేదు, పోలీసు రక్షణ తీసుకున్నాం అని అందులో రాశాడు. తోటి వ్యాపారులు ఆయన వెనక నిలబడలేదు. ఊరికే గొడవ పెట్టుకుంటున్నాడని తప్పుబట్టినవాళ్లూ ఉన్నారు. అదే ఏడాది ఆగస్టు 29 ఉదయం ఆయన్ని వీధిలో కాల్చి చంపారు. దర్జా గురించి, మాట మీద నిలబడే గుణం గురించి మాట్లాడేటప్పుడు ఈ పైజమాల వ్యాపారి నాకు గుర్తొస్తాడు. అలాంటి మనిషి ఒక్కడు మన నవలలో ఉండి ఉంటే విలన్ స్థాయి తగ్గేది కాదు, పెరిగేది. అతని ప్రతి విరాళం వెనకా మనకి ఒక మొహం కనబడేది.

అన్నిట్లోనూ మీతో పేచీ పెట్టుకోవడానికి నేను రాయడం లేదు. కొన్ని చోట్ల మీరు పట్టుకున్న తప్పు నూటికి నూరుపాళ్లూ తప్పే. చివర్లో హ్యాకర్ కుర్రాడు లాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక్క బటన్ నొక్కి ముఠా డబ్బంతా వేరే ఖాతాలోకి లాగేసే సీను ఉంది చూశారా, అది చదివి పుస్తకం పక్కన పెట్టేశామన్నారు. నాకూ అక్కడ మనసు విరిగింది. పెద్ద మొత్తం దేశం దాటాలంటే మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటుంది, ఒక్కోసారి రెండు మూడుంటాయి, ప్రతిచోటా రికార్డు మిగులుతుంది, ఎవరో ఒకరు ఎందుకు పంపుతున్నారని అడుగుతారు. దుప్పట్ల బిల్లు రాసిన చేయే ఈ సీను కూడా రాసిందంటే నమ్మబుద్ధి కాలేదు. అలాగే "షెల్ కంపెనీ" (కాగితం మీద మాత్రమే ఉండే కంపెనీ), "ఆఫ్‌షోర్" (పరాయి దేశంలో పెట్టిన ఖాతా, కంపెనీ) లాంటి మాటలు వివరం లేకుండా పేజీకి పదిసార్లు చల్లడం మీద వచ్చిన ఫిర్యాదు కూడా న్యాయమైనదే. అర్థం కాని మాటలతో పాఠకుణ్ణి బెదరగొడితే అది సస్పెన్స్ కాదు. కానీ ఇవి లెక్కలు సరిగ్గా రాయకపోవడం వల్ల వచ్చిన లోపాలు, లెక్కలు రాసినందువల్ల వచ్చినవి కావు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేశారన్నదే నా ఫిర్యాదు.

ట్విస్ట్ ముందే ఊహించామని చాలామంది రాశారు. ఊహిస్తే ఊహించారు. అన్నదమ్ముల్లో ఎవరు ముఠాతో చేతులు కలిపాడన్నది నాకు కూడా సగంలోనే తెలిసింది. దాని వల్ల చదవడం ఆగలేదు. ఒక్కటే విన్నపం, మీరు ఊహించిన పేరు మాత్రం అభిప్రాయంలో రాసేయకండి.

ముగింపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. "విలన్ జైలుకి వెళ్లాడు సరే, డబ్బు ఏమైంది? రచయిత మర్చిపోయాడా?" అని అడిగినవాళ్లున్నారు. మర్చిపోలేదు. ఆఖరి అధ్యాయంలో విలన్ మేనల్లుడు కొత్త హోటల్‌కి శంకుస్థాపన చేస్తాడు, ఆ పేరా మళ్లీ చదవండి. డబ్బు ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుంది. ఇది మనకి నచ్చని ముగింపే, కానీ నిజానికి దగ్గరగా ఉన్న ముగింపు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2011లో ఒక అంచనా ఇచ్చింది. ప్రపంచంలో నేరాల ద్వారా వచ్చే ఆదాయం ఏడాదికి 2 లక్షల కోట్ల డాలర్లు దాటుతుందని, ప్రపంచ ఉత్పత్తిలో అది దాదాపు 3.6 శాతమని చెప్పింది. ఆర్థిక వ్యవస్థల్లో చలామణి అయ్యే ఆ అక్రమ సొమ్ములో ప్రభుత్వాలు పట్టుకుని ఆపగలుగుతున్నది 1 శాతం కన్నా తక్కువని కూడా అప్పుడు చెప్పింది. మనిషిని జైల్లో పెట్టడం ఒక ఎత్తు, అతని డబ్బుని పట్టుకోవడం ఇంకో ఎత్తు.

ఈ తేడా తెలిసినవాళ్లు దానికి ప్రాణాలే ఇచ్చారు. మాఫియా ఆస్తుల్ని జప్తు చేసే చట్టం కోసం పట్టుబట్టిన ఇటలీ పార్లమెంటు సభ్యుడు పియో లా తొర్రేని 1982 ఏప్రిల్ 30న చంపేశారు. మాఫియాని అణచడానికి పలెర్మోకి పంపిన జనరల్ దల్లా కియేసాని సెప్టెంబరులో కూడా చంపాక గానీ ఆ చట్టం పాసవలేదు. మాఫియా కేసులు దర్యాప్తు చేసే జొవాన్ని ఫల్కోనే అనే మేజిస్ట్రేటు పలెర్మో బ్యాంకులన్నిటి నుంచి విదేశీ కరెన్సీ మార్చుకున్న స్లిప్పులు తెప్పించుకుని, చెక్కు వెనక చెక్కు పట్టుకుని వెళ్లాడు. అలా మొదలైన పని 1986లో, సుమారు 475 మందిని బోనెక్కించిన మహా విచారణ దాకా వెళ్లింది. 1992 మే 23న హైవే కింద బాంబు పెట్టి ఫల్కోనేని, ఆయన భార్యని, ముగ్గురు అంగరక్షకుల్ని చంపారు. బ్యాంకు స్లిప్పులు చూసే మనిషిని చంపడానికి రోడ్డునే పేల్చేశారంటే, ఆ స్లిప్పులంటే వాళ్లకి ఎంత భయమో ఆలోచించండి. ముఠావాళ్లకి అంత భయం పుట్టించే కాగితాలు మనకి బోరు కొట్టడమేమిటి?

ఇంత ఆత్రంగా ఎందుకు రాస్తున్నానంటే, ఆ నవల రచయిత మీ అభిప్రాయాలన్నీ చదివారు. రెండో భాగంలో లెక్కల గొడవ బాగా తగ్గిస్తానని, యాక్షన్ పెంచుతానని పాఠకులకి మాటిచ్చారు. ఆడిటర్ అమ్మాయి పాత్రని కూడా పక్కన పెట్టే ఆలోచనలో ఉన్నారట. ఆయన్ని నేను తప్పుబట్టను. రాసేవాడికి చదివేవాళ్ల మాట కన్నా పెద్ద కొలబద్ద ఏముంటుంది? కానీ ఆయన చెవిన పడిన మాట ఒక వైపుదే. ఆ పేజీలు నచ్చినవాళ్లు కూడా మీలో ఉన్నారు, నాకు తెలుసు. నచ్చినవాళ్లు సాధారణంగా ఊరుకుంటారు, నచ్చనివాళ్లే రాస్తారు.

కాబట్టి నచ్చినవాళ్లు దయచేసి రాయండి, ఆయన రెండో భాగం పూర్తి చేయకముందే రాయండి. పొడుగు అక్కర్లేదు, ఏ పేజీ దగ్గర గుండె ఆగిందో చెబితే చాలు. బోరు అన్నవాళ్లని నేను అడిగేది ఇంకా చిన్నది. 131వ పేజీ నుంచి 148వ పేజీ దాకా మళ్లీ ఒక్కసారి చదవండి, ఈసారి మేనేజరు తలుపు బయటే నిలబడి వింటున్నాడని అనుకుంటూ చదవండి. అప్పటికీ బోరే అనిపిస్తే ఆ మాటే మళ్లీ రాయండి, నేను ఇంకేమీ అనను. ఇంకొక్కటి. రచయితకి మీరేం రాసినా, స్థలం పోగొట్టుకున్న ఆ పేరు లేని మనిషికి రెండో భాగంలో ఒక పేరూ, ఒక ఇల్లూ, కనీసం ఒక అధ్యాయమూ ఇమ్మని అడగండి. ఈ ఒక్క విషయంలో మనందరి మాటా ఒకటైతే ఆయన కాదనరు.

ఇట్లు,
మీ తోటి పాఠకుడు